కుటుంబ ఆరోగ్యము: ఎండలో పనికి వెళ్ళే మనవారి కొరకు



వడదెబ్బ అనే మాటలోనే ఒక చిక్కు ఉంది. దెబ్బ అనగానే పిడుగులాగా పైనుండి ఒక్కసారిగా పడేదేదో అనుకుంటాం. "పొద్దున బాగానే వెళ్ళాడండీ, మధ్యాహ్నానికి దెబ్బ తగిలింది" అని చెప్పుకుంటాం. అయితే అది ఒక్క క్షణంలో వచ్చేది కాదు. ఉదయం పనిలోకి దిగినప్పటి నుండి ఒంట్లో గంట గంటకూ పేరుకుంటూ వచ్చిన వేడి, ఇక ఒళ్ళు మోయలేనంత అయినప్పుడు మనిషి పడిపోతాడు. పేరుకునేది గనుక దానిని మధ్యలో ఆపవచ్చు. పడిపోకముందే గుర్తు పట్టవచ్చు. పడిపోయిన తరువాత కూడా మొదటి అరగంటలో సరియైన పని చేస్తే బ్రతికించుకోవచ్చు.

ఈ నెల ఈ శీర్షికను ఆరుబయట పనిచేసేవారికి కేటాయిస్తున్నాము. చెరువు పూడిక తీసేవారు, తాపీ మేస్త్రీలు, వారి వెంట తట్టలు మోసే స్త్రీలు, మిరప కోతకు వలస వెళ్ళేవారు, ఇటుక బట్టీల దగ్గర పిల్లాపాపలతో గుడిసె వేసుకుని ఉండేవారు, రోడ్డు మీద తారు పోసేవారు, అడవిలో తునికాకు కోసేవారు. ఆదివారం ఆరాధనలో మన ప్రక్కన కూర్చునేవారిలో అనేకులు మిగిలిన ఆరు రోజులూ ఈ పనుల్లోనే ఉంటారు. చదువు రాని పెద్దలున్న ఇళ్ళలో పిల్లలు దీనిని బిగ్గరగా చదివి వినిపించాలని కోరుతున్నాను.

షూనేమీయురాలి కుమారుని సంగతి మీకందరికీ తెలుసు. రెండవ రాజుల గ్రంథము నాలుగవ అధ్యాయములో ఉన్నది. కోత కోసేవారి దగ్గర తండ్రితో ఉన్న ఆ పిల్లవాడు తల పట్టుకుని బాధపడ్డాడు. పనివాడు వానిని తల్లి దగ్గరకు మోసుకుపోయాడు. మధ్యాహ్నం వరకు తల్లి ఒడిలో ఉండి చనిపోయాడు. ఎలీషా ద్వారా దేవుడు వానిని తిరిగి బ్రతికించిన సంగతి మనం తరచుగా వింటాం గాని, వాడు ఎలా చనిపోయాడో పెద్దగా ఆలోచించం. జబ్బు పేరు అక్కడ వ్రాయబడలేదు. అది వడదెబ్బే అయి ఉంటుందని అనేకమంది వ్యాఖ్యాతలు తలంచారు. కోతల కాలం, ఆరుబయట, మొదట తలలో బాధ, కొద్ది గంటల్లో ప్రాణం పోవడం. మన పొలాల్లోనూ అది ఇదే వరుసలో జరుగుతుంది.

ఇప్పుడు ఒంటి సంగతి చూద్దాం. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒంటి వేడి సుమారు 37 డిగ్రీల సెంటీగ్రేడు, అంటే మన జ్వరం కొలిచే లెక్కలో 98.6. ఎండలో గునపం వేసేవానికి వేడి రెండు వైపుల నుండి వస్తుంది. ఒకటి పైనున్న సూర్యుడు, కాళ్ళ క్రింద కాలిన నేల. రెండవది వాని సొంత కండరాలు. కండరం పనిచేస్తే వేడి పుడుతుంది. అందువలన అదే ఎండలో అరుగు మీద కూర్చున్న వానికంటే మట్టి త్రవ్వేవాడు త్వరగా దెబ్బ తింటాడు. వయసులో ఉన్నవాడు, కండపుష్టి గలవాడు కూడా పడిపోవడానికి కారణం ఇదే. "వాడికేమండీ, ఎద్దులాంటి మనిషి" అనే మాట ఇక్కడ పనికిరాదు.

ఆ వేడిని బయటకు పంపడానికి దేవుడు మనకిచ్చిన ప్రధాన మార్గం చెమట. చెమట కారడం వలన ఒళ్ళు చల్లబడదు, ఆరడం వలన చల్లబడుతుంది. కుండలోని నీళ్ళు చల్లబడే పద్ధతే ఇది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే చెమట ఆరదు, ఊరికే కారిపోతుంది. నీరూ ఉప్పూ పోతాయి గాని ఒళ్ళు చల్లబడదు. అందుకే రెంటచింతలలోనో రామగుండంలోనో 44 డిగ్రీలు ఉన్న రోజున, కోస్తాలో 38 డిగ్రీలే ఉన్నా ఉక్కపోతలో పనిచేసేవానికి ప్రమాదం తక్కువేమీ కాదు. రేకుల షెడ్డులో, బట్టీ ప్రక్కన, మూసిన గోడౌనులో బస్తాలు మోసేవానికి సూర్యుడు కనబడకుండానే వడదెబ్బ తగలవచ్చు.

మరొక మాట. రేడియోలో, టి.వి.లో చెప్పే ఉష్ణోగ్రత నీడలో, గాలి ఆడే తెల్లని పెట్టెలో ఉంచిన కొలమానం చూపించేది. నడినెత్తిన ఎండ, ఎదురుగా కాలిన కంకర, చేతిలో వేడెక్కిన ఇనుప తట్ట ఉన్నవాడు అనుభవించేది అంతకంటే చాలా ఎక్కువ.

2003 వేసవిలో ఆనాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యిమందికి పైగా వడగాడ్పులకు చనిపోయారు. 2015 మే నెలలో మరల అదే జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యికి మించి, తెలంగాణలో ఐదు వందలకు మించి మరణాలు లెక్కకు వచ్చాయి. వీరిలో వృద్ధులున్నారు, కూలి పనివారున్నారు. ఇంతమందిని ఒక తుఫాను తీసుకుపోయి ఉంటే దానికి పేరు పెట్టి ఏటేటా జ్ఞాపకం చేసుకునేవాళ్ళం. ఎండ తీసుకుపోయింది గనుక మరచిపోయాం. గుజరాత్‌లోని అహమ్మదాబాదు మాత్రం మరువలేదు. 2010 మే నెలలో అక్కడ మామూలుకంటే సుమారు 1,300 మంది ఎక్కువగా చనిపోయారు. దాని తరువాత 2013లో ఆ నగరం ఎండల ముందస్తు ప్రణాళిక ఒకటి తయారు చేసుకున్నది. దక్షిణాసియాలో అటువంటిది అదే మొదటిది. ఇప్పుడు మన రాష్ట్రాల్లో కూడా వడగాడ్పుల హెచ్చరికలు ముందురోజే వస్తున్నాయి. సెల్‌ఫోనులో వచ్చే ఆ హెచ్చరికను మేస్త్రీ చూసి, రేపటి పని వేళ మార్చితేనే దానివలన ప్రయోజనం.

ఎవరు ఎక్కువగా పడిపోతారు? మేస్త్రీలు, గుంపు నాయకులు ఈ సంగతిని ప్రత్యేకంగా గమనించాలి. పనికి క్రొత్తగా వచ్చినవాడు, జబ్బు పడి లేచి వచ్చినవాడు, పెళ్ళికో పండుగకో ఊరు వెళ్ళి పది రోజుల తరువాత తిరిగి వచ్చినవాడు. అమెరికాలో ఆరుబయట పనిలో ఎండకు చనిపోయినవారి సంగతులు పరిశీలించినప్పుడు, సగం కంటే ఎక్కువ మరణాలు పనిలో చేరిన మొదటి కొద్ది రోజుల్లోనే జరిగినట్లు కనుగొన్నారు. ఒళ్ళు ఎండకు అలవాటు పడడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. అలవాటు పడిన ఒళ్ళు ముందుగానే చెమట పట్టించడం మొదలు పెడుతుంది, ఆ చెమటలో ఉప్పును తక్కువగా పోనిస్తుంది. కొన్నాళ్ళు నీడపట్టున ఉంటే ఆ అలవాటు తగ్గిపోతుంది. కాబట్టి కళాశాల సెలవులకు ఇంటికి వచ్చి, ఫీజు డబ్బుల కొరకు మే నెలలో కూలికి దిగే మన యవ్వనస్థులకు మొదటి రోజే పూర్తి పని ఇవ్వకూడదు. మొదటి రోజు ఐదవ వంతు పని, రోజుకు ఇంకొక ఐదవ వంతు చొప్పున పెంచుకుంటూ పొమ్మని నిపుణులు చెబుతారు. అంత లెక్కగా కుదరకపోయినా మొదటి వారం వానికి తేలిక పని, ఎక్కువ విరామం ఇవ్వడం ఏ మేస్త్రీకీ కష్టం కాదు.

ఇక అసలు చిక్కుకు వద్దాం. "మధ్యాహ్నం పన్నెండు నుండి మూడు వరకు ఎండలో తిరగకండి" అని అందరూ చెబుతారు. ఆ సలహా ఇచ్చేవాడు సాధారణంగా ఫ్యాను క్రింద కూర్చుని ఉంటాడు. కూలి మనిషికి తెలియక కాదు. ఆపితే కూలి తగ్గుతుంది. కొలత పని అయితే త్రవ్వినంతకే డబ్బు. గుత్త పని అయితే ఎంత త్వరగా ముగిస్తే అంత లాభం. ఇటుకకు ఇంత అని, కట్టకు ఇంత అని, కిలో మిరపకాయలకు ఇంత అని లెక్క కట్టినప్పుడు మనిషి తన ఒంటిని తానే తోలుకుంటాడు. కళ్ళు తిరుగుతున్నా ఇంకొక పది తట్టలు అనుకుంటాడు. కాబట్టి ఎండనుండి కూలివానిని కాపాడే బాధ్యతను కూలివాని మీదనే పెట్టడం న్యాయం కాదు.

దీనికి ఒక మంచి ఉదాహరణ మన దగ్గరే ఉండేది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనుల్లో వేసవి భత్యం ఇచ్చేవారు. అంటే వేసవి నెలల్లో పని కొలతను తగ్గించి అదే కూలి ఇవ్వడం. ఏప్రిల్, మే నెలల్లో ఆ తగ్గింపు 30 శాతం వరకు ఉండేది. ఎండలో నేల గట్టిపడుతుంది, మనిషి నీరసిస్తాడు, కొలత మాత్రం మారకపోతే ఎలా అని ఎవరో ఆలోచించారన్నమాట. ఉపన్యాసాలకంటే ఇది ఎక్కువ ప్రాణాలను కాపాడగల పద్ధతి అని నా అభిప్రాయం. సొంత పొలంలో కూలీలను పెట్టుకునే రైతు సోదరులు కూడా దీనిని చేయవచ్చు. ఉదయం ఆరు గంటలకు మొదలుపెట్టి పదకొండుకు పని ముగించి, పూర్తి కూలి ఇవ్వండి. ఆ ఐదు గంటల్లో జరిగే పనిని ఒకసారి చూసి, తరువాత మీరే లెక్క వేసుకోండి.

చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో పని స్థలం దగ్గర మంచినీళ్ళు, పిల్లలకు నీడ, విరామ సమయం, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని స్పష్టంగా వ్రాశారు. అంతకు ముందే 1996లో భవన నిర్మాణ కార్మికుల కొరకు వచ్చిన చట్టం, పదిమంది ఆపైన పనిచేసే చోట మంచినీటి ఏర్పాటు యజమానిదే అని చెప్పింది. ఆ నీళ్ళున్న చోట పనివారికి అర్థమయ్యే భాషలో "మంచినీళ్ళు" అని వ్రాసి పెట్టాలట, మరుగుదొడ్డికి ఆరు మీటర్ల లోపల ఆ నీళ్ళు ఉండకూడదట. అంత వివరంగా ఆలోచించారు. తరువాత చట్టాల పేర్లు మారాయి, 2020లో పార్లమెంటు ఆమోదించిన కోడు వచ్చింది. నీళ్ళ బాధ్యత యజమానిదే అన్న మాట మాత్రం మారలేదు. కాగితం మీద ఉన్నదంతా పని స్థలంలో ఉండదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా అడిగేటప్పుడు "దయ చూపండి" అని కాక "ఇది మా హక్కు" అని అడగవచ్చునని తెలియడం మంచిదే.

బోయజు పొలం గుర్తు చేసుకోండి. పరదేశి అయిన రూతు వచ్చినప్పుడు, దాహమైతే తన పనివారు చేదిపెట్టిన నీళ్ళు త్రాగమని అతడు చెప్పాడు. భోజన వేళ పిలిచి కూర్చోబెట్టాడు. అంటే ఆ పొలంలో నీళ్ళు ముందుగానే చేది పెట్టి ఉన్నాయి, విశ్రాంతికి ఒక వేళ ఉన్నది, కూర్చోవడానికి ఒక చోటు ఉన్నది. యజమాని ఆ మూడూ ముందే చూసుకున్నాడు.

నీళ్ళు ఎంత త్రాగాలి? దాహం వేసినప్పుడు త్రాగుదామనుకుంటే ఆలస్యమవుతుంది. ఎండలో బరువు పని చేసేవానికి గంటకు లీటరుకు పైగా చెమట పోవచ్చు. ఇరవై నిమిషాలకొకసారి ఒక గ్లాసు చొప్పున త్రాగాలి. ఒకేసారి చెంబుడు ఎత్తి త్రాగడం కంటే ఇదే మేలు. అలాగని గంటకు లీటరున్నర మించి త్రాగకూడదు. ఉప్పు లేకుండా వట్టి నీళ్ళే అతిగా త్రాగితే రక్తంలో ఉప్పు పలచబడి అది వేరే ప్రమాదం. అందుచేత మధ్యమధ్య ఉప్పు వేసిన మజ్జిగ, గంజి, అంబలి, ఉప్పూ పంచదారా కలిపిన నిమ్మరసం మంచివి. ఆసుపత్రిలో ఇచ్చే ఓ.ఆర్.ఎస్. పొట్లం ఉంటే దానిమీద వ్రాసినన్ని నీళ్ళలోనే కలపాలి. పొట్లం లేకపోతే లీటరు మంచినీళ్ళలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు కలుపుకోవచ్చు. చెంచా తలకొట్టి కొలవాలి, కుప్పగా పోయకూడదు. బి.పి., గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు ఉప్పు విషయం డాక్టరును అడిగి చేయండి. నీరు పోవడానికి మాత్రలు వేసుకునేవారు ఎండలో పనికి వెళ్ళే ముందు తప్పక అడగాలి. మీ అంతట మీరు మాత్రలు మానవద్దు.

స్త్రీల సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే దీనిని ఎవరూ చెప్పరు. పని దగ్గర మరుగుదొడ్డి ఉండదు. చాటుకు వెళ్ళాలంటే చెట్టూ పుట్టా ఉండదు. అందుకని అక్కలూ చెల్లెళ్ళూ ఉదయం నుండే నీళ్ళు త్రాగడం మానుకుంటారు. దాహాన్ని ఓర్చుకుని, మూత్రాన్ని ఆపుకుని సాయంత్రం వరకు ఉంటారు. దీనివలన ఒకవైపు వడదెబ్బ, మరొకవైపు మూత్రంలో మంట, చీము. గర్భిణీలకు ఇది మరీ అపాయం. నాలుగు కర్రలు పాతి, చుట్టూ గోనెపట్టాలు కట్టి ఒక చాటు ఏర్పాటు చేయడానికి గంటసేపు చాలు. మేస్త్రీ తనంతట తాను చేయకపోతే అడగండి. ఒక్కరు అడగడానికి సిగ్గుపడితే నలుగురు కలిసి అడగండి.

మూత్రపిండాల మాట వచ్చింది గనుక ఒళ్ళు నొప్పుల మాత్రల గురించి. రోజంతా మోసి, ఇంటికి రాగానే కిరాణా కొట్లో దొరికే నొప్పి మాత్ర వేసుకుని పడుకోవడం పల్లెల్లో అలవాటైపోయింది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు, ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు మూత్రపిండాలకు హాని చేస్తాయి. మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్, నికరాగువా దేశాల్లో చెరకు నరికే యువకులు వేలాదిగా మూత్రపిండాల జబ్బు పాలయ్యారు. నీళ్ళూ నీడా లేకుండా రోజుల తరబడి ఎండలో బరువు పని చేయడమే దానికి ముఖ్య కారణమని అక్కడ పరిశోధించినవారు అనేకులు భావిస్తున్నారు. మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కూడా ఆ జబ్బు ఎన్నో కుటుంబాలను కూల్చింది. ఉద్దానంలో దానికి అసలు కారణం ఇంకా తేలలేదు గనుక ఎండే కారణమని అనలేము. ఏ ప్రాంతంవారికైనా ఒక సులువైన గుర్తు చెబుతాను. మూత్రం లేత గడ్డి రంగులో ఉంటే మీరు త్రాగే నీళ్ళు సరిపోతున్నాయి. టీ డికాక్షను రంగులో ఉంటే వెంటనే పని ఆపి నీళ్ళు త్రాగాలి. రంగు అలాగే ఉంటే ఆసుపత్రికి వెళ్ళాలి.

కల్లు, సారా సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. రాత్రి త్రాగిన సారా మరుసటి పగలు కూడా ఒంట్లో నీటిని తగ్గించి ఉంచుతుంది. జేబులో ఉల్లిపాయ పెట్టుకుని వెళితే వడదెబ్బ తగలదని మన పెద్దలనేవారు. పెట్టుకుంటే నష్టమేమీ లేదు, మధ్యాహ్నం గంజిలోకి నంజుకోవచ్చు. దానిని నమ్ముకుని నీళ్ళ సీసా ఇంట్లో వదిలి వెళ్ళవద్దు.

ఇప్పుడు గుర్తుల గురించి. పిక్కలు, పొట్ట కండరాలు పట్టేయడం మొదటి గుర్తు. తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి వచ్చినట్లుండడం, విపరీతమైన నీరసం తరువాతివి. ఈ దశలో నీడకు చేర్చి, పడుకోబెట్టి, బట్టలు వదులు చేసి, ఉప్పు నీళ్ళు త్రాగిస్తే చాలావరకు కోలుకుంటారు. ఆ రోజుకు మరల పనిలోకి దించకూడదు. అసలు ప్రమాదం తలలో కనబడుతుంది. మాట తడబడడం, అడిగినదానికి పొంతనలేని జవాబు, ఊరికే కోపగించుకోవడం, త్రాగినవానిలా తూలడం, ఫిట్స్, స్పృహ తప్పడం. ఇదే వడదెబ్బ. అప్పటికి ఒంటి వేడి 40 డిగ్రీలు, అంటే 104 దాటి ఉంటుంది. చెమట పడుతున్నది గనుక వడదెబ్బ కాదు అని చాలామంది పొరబడతారు. పనిచేస్తూ పడిపోయినవానికి ఒళ్ళంతా చెమటతో తడిసి ఉండవచ్చు.

మనసు తడబడినవాడు తన సంగతి తాను చెప్పుకోలేడు. "నాకేం కాలేదు, వదలండి" అంటాడు. కాబట్టి ఇద్దరిద్దరు జతగా పనిచేస్తూ, ఒకరినొకరు గమనించుకోవాలి. అనుమానం వస్తే "నీ పెద్ద కూతురు పేరేమిటి? ఈ రోజు ఏ వారం?" అని అడగండి. తికమకపడితే ఇక ఆలోచించవద్దు.

ఇక్కడ మన వాళ్ళు చేసే పొరబాటు ఒకటున్నది. పడిపోగానే ఆటో కోసం పరుగెత్తుతారు. పాతిక కిలోమీటర్లు, గంట ప్రయాణం. ఆ గంటసేపూ లోపల మెదడు, కాలేయం, మూత్రపిండాలు వేడికి ఉడుకుతూనే ఉంటాయి. ముందు చల్లబరచండి, తరువాత తరలించండి. 108కి ఒకరు ఫోను చేస్తుండగానే మిగిలినవారు నీళ్ళు పోయాలి. మోటారు దగ్గరలో ఉంటే బోరు నీళ్ళ ధార క్రింద పడుకోబెట్టండి, ముక్కులోకి నీరు పోకుండా తల ప్రక్కకు తిప్పి పట్టుకోండి. పశువుల తొట్టి ఉంటే మెడ వరకు నీళ్ళలో కూర్చోబెట్టి, ఒకరు వెనుకనుండి చంకల క్రింద చేతులు వేసి పట్టుకోవాలి. కట్టుబడి దగ్గర టార్పాలిన్ పట్టా ఎలాగూ ఉంటుంది. మనిషిని దానిలో పడుకోబెట్టి, నలుగురు నాలుగు అంచులూ ఎత్తి పట్టుకుంటే అదే తొట్టి అవుతుంది. దానిలో క్యూరింగు కొరకు ఉంచిన నీళ్ళు పోయండి. నీళ్ళు కొద్దిగానే ఉంటే ఒళ్ళంతా తడిపి, తువ్వాళ్ళతో, అట్టలతో గట్టిగా విసరండి. ఐసు దొరికితే గుడ్డలో చుట్టి మెడ ప్రక్కల, చంకల్లో, గజ్జల్లో పెట్టండి. ఆటోలోనైనా, అంబులెన్సులోనైనా తడి ఆరనివ్వకండి.

స్పృహలో లేనివాని నోట్లో నీళ్ళు పోయకూడదు, అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జ్వరం మాత్ర ఈ వేడికి పనిచేయదు. గుంపుగా మూగి గాలి ఆడకుండా చేయవద్దు. దగ్గరలో ఉన్న విశ్వాసులు ప్రార్థన చేస్తారు, చేయాలి కూడా. ప్రార్థించే నోటికి నీళ్ళు పోసే చేతులు అడ్డు రావు, రెండూ కలిసి జరగనివ్వండి.

ఎంత ప్రయత్నించినా ప్రాణం దక్కని సందర్భాలున్నాయి. ఆ దుఃఖంలో కుటుంబానికి తోచని విషయం ఒకటి సంఘ పెద్దలు చూడాలి. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, మరణించినవారి కుటుంబానికి 4 లక్షల రూపాయల సహాయం ప్రకటించింది. ఎండకే చనిపోయాడని డాక్టరు, రెవెన్యూ అధికారులు ధ్రువీకరించకపోతే అటువంటి సహాయం అందడం కష్టం. మరణించిన వెంటనే తహసీల్దారు కార్యాలయానికి, పోలీసు స్టేషనుకు తెలియజేయండి. ఆ సాయంత్రమే సమాధి చేసేసి, నెల తరువాత కాగితాల కొరకు తిరిగే కుటుంబాల పాట్లు చెప్పనలవి కావు.

వేసవిలో ఇంకొక అపాయం సాయంకాలం వస్తుంది. పగలంతా మండి, నాలుగు గంటలకు మబ్బు పట్టి ఉరుములు మొదలవుతాయి. పగలు నీడనిచ్చిన చెట్టే అప్పుడు పిడుగును రప్పించేది. ఉరుము వినబడగానే పారలు, గునపాలు అక్కడే వదిలి పక్కా భవనంలోకి వెళ్ళాలి. చివరి ఉరుము తరువాత అరగంట వరకు బయటకు రాకూడదు.

మన సంఘాల గురించి ఒక మాట చెప్పకుండా ముగించలేను. మందిర నిర్మాణాలు మనం ఎక్కువగా వేసవిలోనే పెట్టుకుంటాం. స్లాబు పోసే రోజు పని మొదలైతే మధ్యలో ఆపే వీలుండదు. అందరూ ఉత్సాహంతో తట్టలు అందుకుంటారు. ఎన్నడూ బరువు మోయని ఉద్యోగస్థులు కూడా ఆ రోజు శ్రమదానానికి దిగుతారు. పైన చెప్పిన అలవాటు లేని ఒళ్ళు వీరివే. స్లాబును తెల్లవారుజామున మొదలుపెట్టండి, లేదా సాయంత్రం లైట్లు పెట్టి పోయండి. ప్రతిష్ఠకు ఎలాగూ వేసే షామియానాను, కట్టేవారి కొరకు ఆ రోజే వేయించండి. స్త్రీల సమాజంవారు భోజనాలతోపాటు మజ్జిగ కుండలు కూడా చూసుకోవచ్చు. ముహూర్తం పట్టింపు మనకు లేదు గదా, వడగాడ్పుల హెచ్చరిక వచ్చిన రోజున స్లాబును వాయిదా వేసుకోవచ్చు.

కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాలనుండి బిడ్డలు గల్ఫ్ దేశాల్లో కట్టుబడి పనుల్లో ఉన్న తల్లిదండ్రులు కూడా ఇది చదువుతుంటారు. ఆ దేశాల్లో వేసవి మధ్యాహ్నం ఆరుబయట పని చేయించడం నిషేధం. సౌదీలో జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12 నుండి 3 గంటల దాకా, ఎమిరేట్స్‌లో అదే కాలంలో 12.30 నుండి 3 దాకా, కువైట్‌లో జూన్ నుండి ఆగస్టు చివరి వరకు ఉదయం 11 నుండి సాయంత్రం 4 దాకా. కతర్‌లో 2021 నుండి జూన్ 1 మొదలు సెప్టెంబరు 15 వరకు ఉదయం 10 నుండి మధ్యాహ్నం 3.30 దాకా. ఈసారి ఫోను చేసినప్పుడు డబ్బు పంపావా అని అడిగే ముందు, మధ్యాహ్నం పని ఆపుతున్నారా, చల్లని నీళ్ళు ఇస్తున్నారా, రాత్రి పడుకునే గదిలో ఏ.సి. పనిచేస్తున్నదా, మూత్రం ఏ రంగులో వస్తున్నది అని అడగండి. సెలవుకు ఇంటికి వచ్చి వేసవిలో తిరిగి వెళుతుంటే, మొదటి వారం నెమ్మదిగా పని చేయమని విమానం ఎక్కకముందే చెప్పండి.